ఏడు మాటలు వదులుకున్న ఉదయం

1945 ఆగస్టు 18, జకర్తా. రంజాన్ ఉపవాసాల నెల. ఇండోనేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకుని ఒక్క రోజయింది. రాజ్యాంగాన్ని ఆమోదించే సభ ఇంకాసేపట్లో మొదలవుతుందనగా, స్వాతంత్ర్యోద్యమ నాయకుడు మొహమ్మద్ హట్టా కొందరు ముస్లిం నాయకుల్ని పక్కకు పిలిచి కూర్చోబెట్టాడు. ముందురోజు సాయంత్రం ఒక జపాన్ నౌకాదళ అధికారి ఆయనకు ఒక కబురు మోసుకొచ్చాడు. రాజ్యాంగ పీఠికలోని ఒక వాక్యాన్ని అలాగే ఉంచితే తూర్పు దీవుల క్రైస్తవులు కొత్త దేశంలో చేరడానికి సిద్ధంగా లేరన్నది ఆ కబురు.

పేచీ అంతా వాళ్ళ భాషలో ఏడు మాటల మీద. ఇస్లాంను పాటించేవాళ్ళు షరియత్‌ను ఆచరించాలి అన్నది వాటి సారం. హట్టా స్వయంగా నిష్ఠ గల ముస్లిం, సుమత్రాలోని మినాంగ్‌కబావ్ ప్రాంతం వాడు. మాట్లాడుకోవడానికి పావుగంట కూడా పట్టలేదని ఆయన తర్వాత రాసుకున్నాడు. ముహమ్మదియా సంస్థ అధ్యక్షుడు కి బాగుస్ హదికుసుమో మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. చివరికి ఆయనా సరేనన్నాడు. ఏడు మాటలు పోయి, వాటి స్థానంలో ఒక్కడే అయిన దేవుడిపై విశ్వాసం అన్న అర్థమిచ్చే చిన్న పదబంధం చేరింది.

జనంలో అత్యధికులు ముస్లింలు. పట్టుబడితే ఆ మాటలు నిలబెట్టుకోగలిగేవాళ్ళే. అయినా వదులుకున్నారు. వేల దీవుల్ని ఒక్క దేశంగా నిలిపిన సిద్ధాంతం గురించి చెప్పాలంటే ఈ వదులుకోవడం దగ్గరే మొదలుపెట్టాలి.

ఆ సిద్ధాంతం పేరు తెలుగువాళ్ళకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే: పంచశీల. మన పాఠ్యపుస్తకాల్లోని పంచశీల 1954లో భారత్, చైనాల ఒప్పందంలోనిది. అప్పటికి తొమ్మిదేళ్ళ ముందే ఇండోనేషియా ఈ పేరు పెట్టుకుంది. 1945 మేలో, జపాన్ ఆక్రమణ ఇంకా సాగుతుండగానే, స్వాతంత్ర్యానికి సన్నాహాలు చేసే సంఘం కూర్చుంది. పుట్టబోయే దేశానికి పునాది ఏమిటని అధ్యక్షుడు రజిమాన్ వెద్యోదినింగ్రాట్ సభ్యుల్ని అడిగాడు. జూన్ 1న స్వాతంత్ర్యోద్యమ నాయకుడు సుకర్ణో లేచి జవాబు చెప్పాడు. జాతీయత, మానవత, సంప్రదింపులతో నడిచే ప్రజాస్వామ్యం, సామాజిక సంక్షేమం, దైవవిశ్వాసం. వేళ్ళు అయిదు, ఇంద్రియాలు అయిదు, పాండవులూ అయిదుగురే అని సభకు గుర్తుచేశాడు. ముస్లింలు నిండిన సభలో పాండవుల పేరెత్తితే ఎవరికీ కొత్తగా అనిపించదు. జావాలో తోలుబొమ్మలాట చూస్తూ పెరిగినవాళ్ళకు అర్జునుడు, భీముడు ఇంటి మనుషులు.

అయిదు ఎక్కువనుకుంటే మూడుగా, అదీ కాదంటే ఒక్కటిగా కుదించుకోవచ్చన్నాడు సుకర్ణో. ఆ ఒక్కటి ‘గోతోంగ్ రోయోంగ్’. ఒకరి పనికి ఊరంతా చెయ్యి వేయడమని దాని అర్థం. కోతలకైనా, ఇల్లు కప్పుకోవడానికైనా ఇరుగుపొరుగు కలిసి దిగే పల్లెటూళ్ళున్న చోట ఈ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. ఆలోచన మాత్రం ఆ ఒక్క రోజులో పుట్టింది కాదు. 1934 నుంచి 1938 దాకా డచ్ వలస ప్రభుత్వం సుకర్ణోను ఫ్లోరెస్ దీవిలోని ఎండే పట్టణంలో ప్రవాసంలో ఉంచింది. అది క్యాథలిక్కులు ఎక్కువగా ఉన్న దీవి. అక్కడ సీమపనస చెట్టు కింద కూర్చుని ఈ సూత్రాల గురించి ఆలోచించానని ఆయన చెప్పుకున్నాడు.

ఇలాంటి వదులుకోవడం భాష విషయంలో అంతకుముందే జరిగింది. 1928 అక్టోబర్ 28న యువజన మహాసభ ఒకే మాతృభూమి, ఒకే జాతి, ఒకే భాష అని ప్రతిజ్ఞ చేసింది. జనాభాలో అందరికన్నా ఎక్కువమంది జావా వాళ్ళు. ఎంచుకున్నది మాత్రం వాళ్ళ భాషను కాదు, రేవుల్లో, సంతల్లో వ్యాపారులు మాట్లాడుకునే మలయ్‌ను. పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహార దీక్షతో ప్రాణం విడిచాక గానీ భాషా రాష్ట్రం దక్కని తెలుగువాళ్ళకు ఈ నిర్ణయం ఎంత బరువైనదో విడమరచి చెప్పక్కర్లేదు.

1950 ఫిబ్రవరిలో రాజముద్ర వచ్చింది: రెక్కలు విప్పిన గరుడుడు. ఒక్కో రెక్కకు 17 ఈకలు, తోకకు 8, మెడకు 45. స్వాతంత్ర్యం వచ్చిన తేదీ అది. ఛాతీ మీద డాలులో నక్షత్రం, గొలుసు, మర్రిచెట్టు, ఎద్దు తల, వరి కంకీ పత్తీ. కాళ్ళ దగ్గర భిన్నత్వంలో ఏకత్వం అనే భావం గల ప్రాచీన జావా మాటలు. అవి 14వ శతాబ్దంలో మజాపహిత్ రాజ్యంలో ఎంపు తంతులార్ రాసిన ‘సుతసోమ’ కావ్యంలోవి. శివుడు, బుద్ధుడు వేరు కాదని చెప్పడానికి పుట్టిన మాటలు ఆరు వందల ఏళ్ళ తర్వాత ఒక ముస్లిం మెజారిటీ దేశపు ముద్రలోకి ఎక్కాయి.

సిద్ధాంతం ఉన్నంత మాత్రాన దేశం సుఖపడలేదు. ఇస్లామిక్ రాజ్యం కోసం కర్తోసువిర్యో నడిపిన తిరుగుబాటు 1949 నుంచి 1962 దాకా సాగింది. 1959లో అధ్యక్షుడిగా ఉన్న సుకర్ణో తానే రాజ్యాంగ సభను రద్దు చేసి, ఒక్క ఆజ్ఞతో 1945 రాజ్యాంగాన్ని తిరిగి తెచ్చాడు. 1965 అక్టోబర్ 1 తెల్లవారుజామున ఆరుగురు జనరల్స్ హత్యకు గురయ్యాక, ఆ నింద మోసిన కమ్యూనిస్టులపై సాగిన ఊచకోతలో లక్షల మంది చనిపోయారు. ఆ అక్టోబర్ 1వ తేదీనే, సుకర్ణో తర్వాత అధికారంలోకి వచ్చిన సుహార్తో ప్రభుత్వం పంచశీల మహిమను స్మరించే దినంగా చేసింది. ఒకప్పుడు ఒకరినొకరు ఒప్పించుకోవడానికి పనికొచ్చిన మాట ఇప్పుడు భయపెట్టడానికి పనికొచ్చింది. 1978 నుంచి ప్రభుత్వ ఉద్యోగులకు, విద్యార్థులకు పంచశీల శిక్షణ తప్పనిసరి అయింది. 1985 వచ్చేసరికి పార్టీ అయినా, సంఘమైనా, మత సంస్థ అయినా పంచశీలే తన ఏకైక ఆధారమని రాసివ్వాల్సి వచ్చింది. అవే అయిదు సూత్రాలు, అక్షరం మారలేదు. మారింది వాటిని పట్టుకున్న చెయ్యి.

1998 మే 21న సుహార్తో దిగిపోయాడు. శిక్షణ తరగతులు ఆగిపోయాయి. రాజ్యాంగ సవరణలకు తలుపు తెరుచుకోగానే పాత ఏడు మాటల్ని తిరిగి చేర్చాలని కొన్ని పార్టీలు ముందుకొచ్చాయి. 2002 ఆగస్టులో ప్రజా సలహా సభలో ఆ ప్రయత్నం వీగిపోయింది. వద్దన్నవాళ్ళలో దేశంలోకెల్లా పెద్ద ముస్లిం సంస్థలు రెండూ ఉన్నాయి. ఒకటి నహదతుల్ ఉలమా. రెండోది, 57 ఏళ్ళ కిందట ఆ మాటలు వదులుకోవడానికి ఎంతగానో తటపటాయించిన హదికుసుమో నడిపిన ముహమ్మదియా.