కెనడా ఎవరిని రమ్మంటుంది?

కెనడాలో ఉంటున్న నాకు ఊరి నుంచి ఫోన్ వస్తే క్షేమ సమాచారాలయ్యాక ఒక ప్రశ్న తప్పక వస్తుంది. మావాడు ఏ కోర్సు చదివితే అక్కడ పీఆర్ (శాశ్వత నివాసం) వస్తుంది? ఈ ప్రశ్నకు హైదరాబాద్, విజయవాడ కన్సల్టెన్సీలు చెప్పే జవాబు కెనడా కోరే వృత్తుల ఆ నెల జాబితాను బట్టి ఉంటుంది. నేను చెప్పదలచిన జవాబు మాత్రం ఈ దేశపు చరిత్రలో ఉంది. వృత్తిని చూసి మనుషుల్ని ఎంచుకోవడం కెనడాకు కొత్త కాదు, నూట పాతికేళ్లుగా చేస్తున్న పనే. ఆ ఎంపిక ఎప్పుడు న్యాయంగా సాగిందో, ఎప్పుడు గాడి తప్పిందో తెలిస్తే, ఈ దేశాన్ని నమ్మవలసిన చోట నమ్మొచ్చు, జాగ్రత్తపడవలసిన చోట జాగ్రత్తపడొచ్చు.

మొదట కెనడా కోరుకున్న వృత్తి వ్యవసాయం. 1872 నాటి భూమి చట్టం ప్రకారం 10 డాలర్లు రుసుము కట్టి, ఇల్లు వేసుకుని సాగు చేస్తే 160 ఎకరాలు సొంతమయ్యేవి. 1896 నుంచి 1905 వరకు వలసల వ్యవహారం చూసిన మంత్రి క్లిఫర్డ్ సిఫ్టన్‌కు కావలసింది మట్టి పని తెలిసిన రైతు. పట్నపు గుమాస్తాలు, ఫ్యాక్టరీ కార్మికులు ఆయనకు అక్కర్లేదు. గడ్డకట్టే చలిలో బీడు దున్నగలవాళ్ల కోసం ఉక్రెయిన్ పల్లెల దాకా ఏజెంట్లను పంపించాడు. ఈనాటి మానిటోబా, సస్కచెవాన్, అల్బెర్టాల గోధుమ పొలాల వెనుక ఆ రైతు కుటుంబాల చెమట ఉంది.

కానీ ఆ రోజుల్లో వృత్తి కంటే ముందు ఒంటి రంగు చూసేవారు. పసిఫిక్ తీరం వైపు రైలు మార్గం వేసేటప్పుడు కొండలు తొలిచే ప్రమాదకరమైన పనికి వేలమంది చైనా కూలీలను తెచ్చారు. 1885లో ఆ మార్గం పూర్తయింది. అదే ఏడు, వచ్చే ప్రతి చైనీయుడి మీదా 50 డాలర్ల తలపన్ను వేశారు. 1903 నాటికి దాన్ని 500 డాలర్లు చేశారు. 1923లో రాకనే దాదాపు పూర్తిగా నిషేధించారు. ఆ చట్టం 1947 దాకా బతికింది.

మనవాళ్లకు వేరే దారిలో తలుపు మూశారు. 1908లో ఒక నిబంధన తెచ్చారు. పుట్టిన దేశం నుంచి మధ్యలో ఆగకుండా, ఒకే టికెట్ మీద వచ్చినవాళ్లనే దిగనిస్తారు. భారతదేశం నుంచి అలా నేరుగా వచ్చే ఓడ లేదు. ఇండియా పేరు ఎత్తకుండానే ఇండియాను ఆపేశారన్నమాట. 1914 మే నెలలో కొమగాటమారు అనే ఓడ 376 మంది ప్రయాణికులతో వాంకూవర్ చేరింది. వాళ్లలో ఎక్కువమంది పంజాబీ సిక్కులు. రెండు నెలలు రేవులోనే నిలిపి, అతికొద్ది మందిని మాత్రం దిగనిచ్చి, మిగతావాళ్లను వెనక్కి పంపారు. కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగినప్పుడు పోలీసుల కాల్పుల్లో వాళ్లలో పలువురు చనిపోయారు. 2016లో అప్పటి ప్రధాని జస్టిన్ ట్రూడో పార్లమెంటులో నిలబడి ఇందుకు క్షమాపణ చెప్పారు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా పెద్దగా మారలేదు. 1951లో భారతదేశానికి ఇచ్చిన కోటా ఏడాదికి 150 మంది, 1957లో 300. జమైకా, బార్బడోస్ వంటి కరీబియన్ దీవుల నల్లజాతి స్త్రీలకైతే 1955లో ఒకే ఒక్క వృత్తి చూపించారు, ఇంటిపని. ఒక ఏడాది కెనడా ఇళ్లల్లో పనిచేస్తే శాశ్వత నివాసం. అలా వచ్చినవాళ్లలో టీచర్లు, నర్సులు కూడా ఉన్నారు. చదువు చేతిలో ఉన్నా చీపురు పట్టుకోవలసి వచ్చింది. ఎవరు ఏ పని చేయాలన్నది వాళ్ల చదువును బట్టి కాక, పుట్టిన చోటును బట్టి తేలేది.

1962లో ఇమిగ్రేషన్ మంత్రి ఎలెన్ ఫెయిర్‌క్లవ్ తెచ్చిన నిబంధనలు జాతి వివక్షను చాలావరకు తొలగించాయి. అయితే ఎవరిని తీసుకోవాలన్నది ఇంకా అధికారి విచక్షణ మీదే ఉండిపోయింది. దానికి జవాబుగా 1967 అక్టోబరు 1న పాయింట్ల పద్ధతి వచ్చింది. మంత్రి జాన్ మార్షాన్, ఆయన శాఖలో ఉన్నతాధికారి టామ్ కెంట్ దీని వెనుక ఉన్నారు. మొత్తం 100 పాయింట్లు, 50 వస్తే చాలు. చదువుకు 20, ఆ వృత్తికి దేశంలో ఉన్న గిరాకీకి 15, వ్యక్తిత్వంపై అధికారి అంచనాకు 15, నైపుణ్యానికి 10, వయసుకు 10, ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలకు 10, ముందే ఉద్యోగం ఉంటే 10, ఇలా తొమ్మిది అంశాలు. పుట్టిన దేశానికి, మతానికి, రంగుకు పాయింటు లేదు.

జాతి వివక్షను తీసేసింది కాబట్టే ఇది గొప్ప సంస్కరణ అంటారు. నిజమే. కానీ నా దృష్టిలో దాని గొప్పదనం ఇంకొకటి ఉంది. ఎక్కడో కాకినాడలోనో వరంగల్‌లోనో కూర్చున్న ఒక ఇంజినీరు కాగితం తీసుకుని తన పాయింట్లు తానే చాలావరకు లెక్కపెట్టుకోగలిగాడు. తలుపు తెరుచుకుంటుందో లేదో బయల్దేరకముందే ఒక అంచనాకు రాగలిగాడు. ప్రభుత్వం ముందుగా మాట ఇచ్చింది, ఆ మాట అందరికీ ఒకటే. ఆ తర్వాతి దశాబ్దంలో మన విశ్వవిద్యాలయాల పట్టాలతో వచ్చిన తొలి తరం తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు, ప్రొఫెసర్లు ఆ మాట పట్టుకునే వచ్చారు. ఇక్కడి తెలుగు సంఘాలకు, గుళ్లకు పునాది వేసింది ఆ తరమే.

ఆ మాట సడలడానికి కారణం వృత్తి గిరాకీ అనే అంశం. గిరాకీ ఏటేటా మారేది కదా. 1982లో ఆర్థిక మాంద్యం రాగానే, ముందే ఉద్యోగం ఖాయమైన కార్మికులను తప్ప మిగతావాళ్లను ఆపేశారు, ఆ నియమం కొన్నేళ్లు నడిచింది. ఆ కాలపు నిబంధనల్లో వృత్తికి సున్నా వస్తే మిగతావాటిలో ఎన్ని పాయింట్లున్నా దరఖాస్తు తిరస్కరించేవారు. ఈ లోపం అర్థమయ్యాకే 2002లో కొత్త చట్టం వచ్చింది. ఈ ఏడు ఏ ఉద్యోగానికి గిరాకీ ఉందన్నది వదిలేసి చదువు, భాష, అనుభవం, వయసు ఉన్న మనిషిని తీసుకుంటే, మార్కెట్ మారినా అతను నిలదొక్కుకుంటాడన్నది దాని ఆలోచన. అప్పుడే డాట్‌కామ్ కంపెనీలు కూలి, ఐటీ వలస జీవులు వీధిన పడి ఉన్నారు. ఆ ఆలోచనకు ఆ అనుభవం బలమిచ్చింది. 2003 నుంచి 67 పాయింట్లు వస్తే అర్హత.

ఆలోచన మంచిదే, అమలు దెబ్బతింది. అర్హతతో వచ్చిన ప్రతి దరఖాస్తునూ పరిశీలించాలని చట్టం చెప్పింది. ఏడాదికి ఇంతమందినే తీసుకోవాలని ప్రభుత్వ వార్షిక వలస ప్రణాళిక చెప్పింది. 2008 నాటికి నైపుణ్య కార్మికుల వరుసలో ఆరు లక్షలకు పైగా జనం నిలబడి ఉన్నారు. ప్రభుత్వం చట్టం సవరించి, 2008 ఫిబ్రవరి 27 తర్వాత వచ్చే దరఖాస్తులకు మళ్లీ వృత్తుల జాబితా పెట్టింది. మొదటి జాబితాలో 38 వృత్తులు. 2010 జూన్‌లో దాన్ని 29కి తగ్గించి, ఒక్కో వృత్తికి ఏడాదికి 1,000 దరఖాస్తులే అన్నారు. మరుసటి ఏడు ఆ 1,000 కూడా 500 అయింది. 2013లో 24 వృత్తులు, 2014లో 50. డాక్టరు, నర్సు, వంటమనిషి, వెల్డరు మొదటి జాబితాలో ఉన్నారు. మన ఇళ్లల్లో సగం మంది పిల్లలు చదివిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ మాత్రం అందులో లేదు. 2014 జాబితాలో చేరింది. ఏడాదిలోపే ఆ పద్ధతే పోయింది.

ఇంతకంటే పెద్ద దెబ్బ 2012లో తగిలింది. 2008 ఫిబ్రవరి 27కు ముందు దరఖాస్తు చేసి, ఇంకా నిర్ణయం అందని పాత ఫైళ్లను ఆ ఏడు బడ్జెట్ చట్టంలోనే ఒక నిబంధన పెట్టి రద్దు చేశారు. కుటుంబ సభ్యులతో కలిపి దాదాపు 2,80,000 మంది. కట్టిన ఫీజు తిరిగి ఇస్తామన్నారు. వాళ్లు తప్పు చేయలేదు, దొంగ కాగితాలు పెట్టలేదు. దేశం పెట్టిన నియమం చదివి, దాని ప్రకారమే వరుసలో నిలబడ్డారు. ఐదేళ్లు, ఆరేళ్లు ఎదురుచూసే మనిషి బతుకు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇల్లు కొనాలా వద్దా, ఉద్యోగం మారాలా వద్దా, పిల్లల్ని ఏ సిలబస్‌లో వేయాలి, అన్నీ ఆ ఫైలు మీదే వేలాడుతుంటాయి. ఈలోగా వయసు పెరిగి, కొత్త పద్ధతిలో వచ్చే పాయింట్లు తరిగిపోతాయి. ఫీజు వెనక్కి వచ్చింది కానీ ఆ ఏళ్లు రాలేదు. కొందరు కోర్టుకెళ్లారు. చట్టం చేసే అధికారం పార్లమెంటుకు ఉందని ఫెడరల్ కోర్టు 2013లో తీర్పు చెప్పింది.

2015 జనవరి 1న వచ్చిన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ఆ వరుసల బాధను తీసేసింది. ఇందులో 1,200కు స్కోరు వేసి, డ్రా తీసిన ప్రతిసారీ కటాఫ్ అందుకున్నవాళ్లనే దరఖాస్తుకు పిలుస్తారు. 20 నుంచి 29 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లకు వయసు మార్కులు పూర్తిగా వస్తాయి, 45కు సున్నా. మనకు ఎంసెట్ తెలుసు కాబట్టి ఇది వెంటనే అర్థమవుతుంది. మార్కు ఎంత వచ్చిందన్నది సగమే, ఆ డ్రాలో కటాఫ్ ఎక్కడ ఆగిందన్నది మిగతా సగం. కోవిడ్ కాలంలో బయటివాళ్లు రాలేని పరిస్థితిలో, 2021 ఫిబ్రవరి 13న దేశంలో పని అనుభవం ఉన్నవాళ్లకు జరిపిన డ్రాలో కటాఫ్ 75కు దిగింది. ఒక్కరోజే 27,332 మందికి పిలుపు. మూడేళ్లు తిరిగేసరికి 2024 సాధారణ డ్రాల్లో 520 దాటినా సరిపోని పరిస్థితి. దరఖాస్తుదారుల ప్రతిభ మూడేళ్లలో అంత తేడాగా మారిపోలేదు, మారింది దేశం అవసరం.

2023 నుంచి వృత్తి మళ్లీ ముందుకొచ్చింది. ఆ ఏడు జూన్ 28న తొలిసారిగా ఆరోగ్య రంగం వాళ్ల కోసమే డ్రా తీశారు. తర్వాత సైన్సు, టెక్నాలజీ, చేతిపనులు, రవాణా, వ్యవసాయం, ఫ్రెంచి భాష అంటూ వర్గాలు పెట్టారు. అప్పటి జాబితాలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరు 2025 ఫిబ్రవరిలో సవరించిన జాబితాలో లేడు. రవాణా వర్గం మొత్తంగా పోయింది, ఉపాధ్యాయులకు కొత్త వర్గం వచ్చింది. మాస్టర్స్ రెండేళ్లు, ఆపై పని అనుభవం ఇంకో ఏడాది. జాబితా చూసి కోర్సులో చేరిన పిల్లవాడు బయటికొచ్చేసరికి ఆ జాబితా ఉండకపోవచ్చు.

వృత్తిని చూసి పిలిచినా, ఆ వృత్తి చేయనిస్తారన్న హామీ లేదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనిషిని ఎంచుకునేది ఫెడరల్ ప్రభుత్వం. డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, ఇంజినీరుగా పనిచేయడానికి లైసెన్సు ఇచ్చేది ప్రావిన్సుల్లోని వృత్తి సంస్థలు. మన బీఫార్మసీ పట్టాతో వచ్చిన అమ్మాయి ముందు పట్టా పరిశీలన చేయించుకోవాలి, తర్వాత ఒక పరీక్ష, ఆపై అర్హత పరీక్షలు, చివరికి ప్రావిన్సులో రిజిస్ట్రేషన్. అన్నాళ్లూ మందుల షాపులో అసిస్టెంటుగా నిలబడుతుంది. డాక్టర్లకైతే రెసిడెన్సీ సీటు దొరకడమే గండం. ఒంటారియో 2023లో ఇంజినీరింగ్ లైసెన్సుకు కెనడా అనుభవం తప్పనిసరన్న నియమాన్ని తీసేసింది. అలాంటి అడుగులు పడుతున్నాయి కానీ నెమ్మదిగా పడుతున్నాయి.

ఈ దేశం నాకు చాలా ఇచ్చింది. నా పిల్లలు ఇక్కడ తలెత్తుకుని పెరుగుతున్నారు. అందుకే ఈ మాట పౌరుడిగా అంటున్నాను. ఏ వృత్తివాళ్లు కావాలో నిర్ణయించుకునే హక్కు కెనడాకు ఉంది. కానీ జాబితా మార్చిన రోజు, పాత జాబితాను నమ్మి ఇప్పటికే చదువులో చేరినవాళ్లకు, దరఖాస్తు పెట్టినవాళ్లకు పాత నియమమే వర్తించాలి. 1967లో ఇచ్చిన మాటలోని సారం అదే. మా ఎంపీ ఇంటికి ఓట్లడగడానికి వచ్చినప్పుడు నేను అడిగేదీ అదే.

ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు చెప్పేది ఒక్కటే. పిల్లలకు ఏ చదువు ఇష్టమో, ఏ పనిలో చేయి తిరుగుతుందో అది చదివించండి. పంపేముందు ఆ వృత్తికి ఏ ప్రావిన్సులో లైసెన్సు ఎలా వస్తుందో, ఎన్నాళ్లు, ఎంత ఖర్చు అవుతుందో ఆ వృత్తి సంస్థ చెప్పేదే స్వయంగా చదివి తెలుసుకోండి. పీఆర్ రాకపోయినా నిలబడగల చదువైతే అప్పు చేసి పంపినా భయం లేదు. పీఆర్ వస్తేనే పనికొచ్చే చదువైతే ఆ అప్పు చేయకండి.