కొసకొచ్చిన బొంత

చెప్పులు గడప అవతలే విడిచి రండి. వాకిలి నిండా బొంత పరిచి ఉంది, గోడ వెంబడి నడవండి. జనవరి ఎండ ఇప్పుడిప్పుడే రేకుల మీంచి దిగి ఒక మూలను తాకుతోంది. నాలుగు మూలలా నాలుగు ఇటుకలు. అమ్మ కాళ్లు చాపుకొని కూర్చుని, ఎడమచేతిని బొంత కిందికి పోనిచ్చి పొరల్ని సరిచేస్తోంది. గాలి కాగితం మిల్లు వైపు నుంచి వీస్తోంది కాబట్టి ఆ ఘాటు వాసన మీకూ తగులుతుంది. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకైతే ఊళ్లో దిగానని ముందుగా చెప్పేది అదే.

“సూదులల్ల దారం ఎక్కించినవా బిడ్డా?”

ఎక్కించాను. అమ్మకు దగ్గరి చూపు ఆనడం లేదు. అందుకని పొద్దున్నే ఉన్న సూదులన్నిటికీ రెండు పోగుల దారం ఎక్కించి, కొస ముడేసి, పాత దిండుకు వరసగా గుచ్చి పెట్టడం నా వంతు. ఎక్కించే ముందు దారాన్ని కొవ్వొత్తి మీద ఒకసారి లాగాలి. మైనం పట్టిన దారం మెలిపడదు, పీచులేవదు, ఇన్ని పొరల్లోంచి సాఫీగా జారుతుంది.

అంచుల నుంచి లోపలికి చుట్లు చుట్లుగా కుట్టుకుంటూ వచ్చాం. దసరా అయ్యాక అమ్మ ఒక్కతే మొదలుపెట్టింది. ఇప్పుడు నట్టనడుమ పీట పట్టేంత చోటు మిగిలింది. అక్కడికి చెయ్యి అందాలంటే బొంత మీదికే ఎక్కి కూర్చోవాలి. రండి, కూర్చోండి. మోకాలి కింద అక్కడక్కడ చిన్న ఎత్తులు తగులుతాయి, అవి ముక్కలు ఒకదానిమీద ఒకటి ఎక్కిన చోట్లు. పైపొర అమ్మ నారాయణపేట నూలు చీర, ఎర్రగళ్లది. అడుగున నాయినమ్మ ముతక చీర. మధ్యలో ఏముందో చూసేవాళ్లకు కనిపించదు.

కుట్టే చేతికి మాత్రం తెలుస్తుంది. సూది దిగేటప్పుడు లుంగీ తగిలితే వెన్నలో దిగినట్టు దిగిపోతుంది. చీర కుచ్చిళ్ల భాగం వస్తే కొంచెం ఆగుతుంది, అక్కడ నేత ఇంకా గట్టిగా ఉంటుంది కనుక. కొంగు ముక్క, భుజం మీద ఏళ్ల తరబడి రాపిడి పడి, తగిలీ తగలనట్టుంటుంది. చిన్నప్పుడు తమ్ముడు వేసుకున్న బడి చొక్కా దగ్గర సూది మొరాయిస్తుంది. అప్పుడు చిన్న గుడ్డపేలికతో సూది మొన పట్టుకుని అవతలికి లాగాలి. కుట్టే ముందు అమ్మ కాలర్లు, కఫులు, గుండీల పట్టీలు అన్నీ కత్తిరించేసింది. దొడ్డు కుట్లు లోపల ఉంటే పడుకున్నప్పుడు ఒత్తుకుంటాయి, ఉతికినప్పుడు ఎండవు.

బాపు ఖాకీ ప్యాంటు మాత్రం బొంతలోకి రాలేదు. అమ్మ చాలాసేపు ప్రయత్నించింది. రెండు సూదులు విరిగాయి. చివరికి దాన్ని మడిచి పెట్టెలో పెట్టేసింది. వచ్చింది ఆయన తెల్లంగీ. దాని జేబు దగ్గర నా సూది ఇప్పుడు ఆగింది. పైకి కనిపించదు గానీ, తడిమితే జేబు అంచు తెలుస్తుంది. జేబు అడుగున రూపాయి బిళ్లంత నీలి మరక. పెన్ను సిరా కారిన గుర్తు. ఎన్ని ఉతుకులు ఉతికినా అంచులు పలచబడ్డాయే తప్ప మరక పోలేదు. అమ్మ జేబు విప్పకుండా అలాగే ఉంచింది. నేనేమీ అడగలేదు.

మిల్లులో బాపుది ఫినిషింగ్ హౌస్. మెషిన్ మీద చుట్టలుగా వచ్చిన కాగితాన్ని కోసి, చూసి, లెక్కపెట్టి, రీములు కట్టే చోటు. రీముకు 500 కాగితాలు. మూల పట్టుకుని విసనకర్రలా విప్పి, వేళ్ల సందున నాలుగేసి ఐదేసి తప్పిస్తూ లెక్కపెట్టేవాడు. పెదవి కదిలేది కాదు. ఇంట్లో అమ్మ బొంత కుడుతుంటే ఎదురుగా కూర్చుని, అదే వేళ్లతో కుట్లు లెక్కపెట్టి, “జానకు ఇన్నొచ్చినయ్, మొన్నటిదానికంటే సన్నగ పడ్తున్నయ్” అనేవాడు. అమ్మ విననట్టుండేది గానీ ఆ తర్వాతి వరస ఇంకా సన్నగా పడేది.

తాత కరీంనగర్ దిక్కు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాడు. అప్పటికి ఇది కొత్తపేట. నిజాం కాలంలో సిర్పూర్ పేపర్ మిల్లు కట్టి, 1942లో కాగితం తీయడం మొదలుపెట్టాక ఊరు కాగజ్‌నగర్ అయింది. అడవిలో వెదురు, పక్కన పెద్దవాగు నీళ్లు, ముందు నుంచి కాజీపేట–బల్లార్షా రైలు పట్టా. మిల్లుకు కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయి. వెదురుకు, కలపకు మునుపు లోకంలో చాలాచోట్ల కాగితం పాత గుడ్డపేలికల నుంచే తీసేవారు. నానబెట్టి, దంచి, గుజ్జు చేసి. మా ఊరి కాగితం వెదురుది కావడం వల్లనే ఇంటి గుడ్డపేలికలన్నీ బొంతలకు మిగిలాయని బాపు అంటుండేవాడు.

“ఏందే, చెయ్యి ఆగింది?”

మళ్లీ కుడుతున్నాను. అమ్మ నా వరసను వేలితో తడిమి తల అడ్డంగా ఊపింది.

“పొడుగు పడ్తున్నయ్ బిడ్డా. గిట్లేస్తే కాలి బొటనవేలు ఇర్కి దారం పటుక్కుమంటది. బియ్యపు గింజంత ఎయ్యి.”

బియ్యపు గింజంత. పైన ఒక గింజ, కింద ఒక గింజ. మీరూ ఒక సూది తీసుకోండి. ఎడమచెయ్యి అడుగున పెట్టి సూది మొన వేలికి తగలగానే పైకి తిప్పాలి. మొదట వేలికి గుచ్చుకుంటుంది. కాసేపటికి తగలకముందే వేలు పక్కకు జరగడం నేర్చుకుంటుంది.

ఈ జిల్లా చలి ఎరిగినవాళ్లకు బొంత ఎందుకో చెప్పనక్కర్లేదు. డిసెంబర్, జనవరి నెలల్లో రాష్ట్రంలో ఎక్కడ ఎక్కువ చలి అని పేపరు తిరగేస్తే సిర్పూర్ (యు), తిర్యాణి పేర్లు తరచూ కనిపిస్తాయి. పది డిగ్రీల లోపుకు దిగిపోవడం మామూలే. అయితే బొంత నిలవాలంటే బట్ట నూలుదే కావాలి. 2017 నుంచి సర్కారు పంచిన బతుకమ్మ చీరలు అమ్మ దగ్గర మంచివి ఉన్నాయి, సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినవి. పండక్కి కట్టుకుంటుంది, మెచ్చుకుంటుంది. బొంతలో మాత్రం వెయ్యదు. పాలిస్టర్ పొర పక్క పొర మీద నిలవదు, జారి ఒక మూలకు ముద్ద కడుతుంది. నాయినమ్మ దాచుకున్న సర్‌సిల్క్ బట్టదీ అదే కథ. మా ఊళ్లోనే కృత్రిమ పట్టు తీసి 1980లలో మూతపడ్డ మిల్లు గుర్తు అది. చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. దాన్ని విప్పి చూసి, ఒకసారి చెంపకు ఆనించుకుని, అమ్మ మళ్లీ మడిచేసింది.

గేటు చప్పుడైంది. కూరగాయల గంపతో దీదీ వచ్చింది, నజ్రుల్‌నగర్ నుంచి. తూర్పు పాకిస్తాన్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన బెంగాలీ కుటుంబాలకు కాగజ్‌నగర్ చుట్టుపక్కల భూములిచ్చి ఊళ్లు నిలబెట్టారు. నజ్రుల్‌నగర్, రవీంద్రనగర్ అలా వెలసినవే. దీదీ గంప దించి తిన్నగా బొంత మీద వంగింది. అమ్మకు బెంగాలీ రాదు. దీదీకి తెలుగు బాగానే వచ్చు గానీ బొంత దగ్గర ఇద్దరికీ మాటల అవసరం తక్కువ. వాళ్లింట్లో కాంతా కుడతారు. అదీ పాత చీరల పొరలే, పరుగున పోయే అదే చిన్న కుట్టే. వాళ్ల పాతకాలపు పనిలో దారం కొనేవారు కాదు, చీర అంచు నుంచే రంగు పోగులు లాగి పువ్వులు, చేపలు, చెట్లు కుట్టేవారు. దీదీ మా ఎర్రగళ్ల మధ్య ఖాళీ చూసి, అక్కడొక తామర పువ్వు వేస్తే బాగుంటుందంది.

“పువ్వేసేంత ఓపిక నాకేడుంది దీదీ? ఇగ నువ్వే ఎయ్యి.”

దీదీ నిజంగానే కూర్చుంది. గంపలో వంకాయలు ఎండకు వాడిపోతాయని నేను నీడకు జరిపాను. ఆమె చీర అంచు నుంచి పోగు లాగలేదు, మా పసుపు దారమే తీసుకుంది. గుండ్రంగా ఒక చుట్టు, చుట్టూ రేకులు. సరిగ్గా బాపు జేబున్న చోటికి పైన. ఆమెకు ఆ సంగతి తెలియదు. అమ్మ నా వైపు చూసింది. మేమిద్దరం ఏమీ అనలేదు.

ఇలా పోయినవాళ్ల బట్టలతో కుట్టిన బొంత ఇంకొకటి నాకు తెలుసు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే నల్లవాళ్ల పల్లె ఉంది. 1942లో, మా మిల్లు కాగితం తీయడం మొదలెట్టిన ఏడే, అక్కడ మిస్సూరి పెట్‌వే అనే ఆమె చనిపోయిన భర్త పనిబట్టలు విప్పి, ముక్కలు జోడించి, ఆయన గుర్తుగా కప్పుకోవడానికి బొంత కుట్టుకుంది. మోకాళ్ల దగ్గర రంగు వెలిసిన ప్యాంట్లు, చొక్కాల వీపులు. 2002 నుంచి ఆ పల్లె బొంతలు పెద్ద పెద్ద మ్యూజియాల గోడలకెక్కాయి, జనం నిలబడి చూశారు. అలా చూడదగ్గ పనే అది. మిస్సూరి బొంత ఫొటో చూపిస్తే అమ్మ ఫోను చేతిలోకి తీసుకుని కుట్లే చూసింది.

“దొడ్డ బట్ట. బాగ కష్టపడ్డది పాపం” అంది.

తర్వాత అడిగింది ఒకటే. అది గోడకుంటే చలికాలం వాళ్లేం కప్పుకుంటున్నారని.

నా మనసులో ఉన్న మాటకు ఆ ప్రశ్న అడ్డొచ్చింది. ఈ బొంతను దాచాలని నా ఆశ. బాపు అంగీ, నాయినమ్మ చీర, మా బడి బట్టలు ఒక్కచోట చేరిన వస్తువు ఇంకొకటి ఈ ఇంట్లో లేదు. ఫొటోలున్నాయి గానీ వాటికి స్పర్శ లేదు. అమ్మ మాత్రం మొదటి రోజే చెప్పేసింది, ఇది తమ్ముడికి. వాడు హైదరాబాద్‌లో గదిలో చాపమీద పడుకుంటాడు, ఇప్పుడు ఇంటికొచ్చి ఉన్నాడు. 2014 సెప్టెంబర్‌లో మిల్లు ఆగి, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చి మళ్లీ నడిచే దాకా ఊరి పిల్లలు చాలామంది పని కోసం బండెక్కారు. వాడు ఆ తర్వాత ఎక్కినవాడే అయినా అప్పటికే ఆ దారి అలవాటైపోయింది ఊరికి.

ఆఖరి వరస అమ్మది. అడ్డు రాకుండా జరగండి. కొసకొచ్చాక దారం తెంపకుండా, అదే చోట రెండు కుట్లు వెనక్కి వేసి, సూదిని పొరల మధ్య నుంచి జానెడు దూరం పోనిచ్చి, అక్కడ పైకి తీసి కత్తిరించింది. కొస పైకి కనిపించదు, ఉతికినా ఊడదు. పొరలు కదలకుండా ముందు టాకాలు వేసిన తెల్లదారాలు ఒక్కొక్కటే నేను లాగేస్తున్నాను. అవి పోతుంటే బొంత కొంచెం వదులై, ఒళ్లు విరుచుకుని, తన ఆకారానికి వస్తోంది.

దండెం మీద వెయ్యాలంటే ఇద్దరం చాలడం లేదు, మీరూ ఒక కొస పట్టండి. బరువుంది కదా? సాయంత్రం దాకా ఎండాలి.

“అమ్మా, గింత బరువు రైల్ల ఎట్ల తీస్కపోవాలె?” అన్నాడు తమ్ముడు లోపలి నుంచి వచ్చి, బొంత కొస ఎత్తి చూసి.

“మూట కట్టిస్త. భుజానేసుకో. సీటు దొరకకుంటె దాని మీదనే కూసో.”

వాడు బొంతను తిరగేసి పసుపు తామర దగ్గర ఆగాడు. అరచేత్తో నొక్కి, “ఇక్కడేందో దొడ్డుగుందే” అన్నాడు.

“మీ బాపు జేబు” అంది అమ్మ. “సీలలు గుచ్చకు దానికి. ఏడాదికొక్కసారి ఉతుకు. సబ్బు పొడి తక్కువెయ్యి.”