గౌక్ పిట్ట పుట్టుపూర్వోత్తరాలు

స్కాట్లాండ్ పల్లెల్లో ఏప్రిల్ ఒకటో తేదీన ఒక ఆకతాయి వేడుక నడిచేది. ఊళ్లో అమాయకుణ్ణి ఒకణ్ణి పిలిచి, అంటించిన ఉత్తరం చేతికిచ్చి, ఫలానావారికి అర్జెంటుగా అందించి రమ్మనేవారు. లోపల ఉండేదల్లా ‘వీణ్ణి ఇంకో మైలు తిప్పండి’ అన్న ముక్కే. పుచ్చుకున్న పెద్దమనిషి గంభీరంగా చదివి, ‘అయ్యో, ఇది నా వల్ల అయ్యే పని కాదే, అవతలి ఊరాయన్ని అడుగు’ అంటూ ఇంకో ఉత్తరం రాసిచ్చేవాడు. ఇలా తిప్పడానికి ‘హంట్ ది గౌక్’ అని పేరు, అంటే గౌక్ వేట. గౌక్ అంటే స్కాట్స్ భాషలో కుకూ పిట్ట. వెర్రిబాగులవాడన్నా గౌకే. ఈ పిట్ట మన కోకిలకు వేలువిడిచిన చుట్టం. పరాయి గూట్లో గుడ్డు పెట్టే గుణం రెండింటిదీ. మన కవులు కోకిలను నెత్తిన పెట్టుకున్నారు, స్కాట్లాండ్ వాళ్లు గౌక్‌ను వెర్రిదాన్ని చేశారు.

పిట్టకే కాదు, గౌక్ అనే మాట పలికే స్కాట్స్ భాషకూ చిన్నచూపు తప్పలేదు. 1707లో ఇంగ్లండ్‌తో స్కాట్లాండ్ పార్లమెంటు కలిసిపోయాక, ఎడిన్‌బరో చదువరులకు సొంత మాట మీద సిగ్గు పట్టుకుంది. తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అంతటివాడే రాతలో దొర్లకూడని స్కాట్స్ ప్రయోగాల జాబితా ఒకటి వేశాడు. 1787లో జేమ్స్ బీటీ అలాంటిదే ఏకంగా పుస్తకంగా తెచ్చాడు. స్కాట్స్ అంటే చెడిపోయిన ఇంగ్లీషు, గ్రామ్యం అన్న అభిప్రాయం అలా స్థిరపడింది. గౌక్ విషయంలో మాత్రం లెక్క తలకిందులు. ఇంగ్లండ్‌లో ఈ పిట్టకు మొదట ఉన్న పేరు ‘యేఆక్’. ‘కుకూ’ అన్నది 1066లో నార్మన్లు వచ్చి ఫ్రెంచి మాట పెత్తనం మొదలైన తర్వాత పాతుకున్న పేరు. పదమూడో శతాబ్దపు రాతల్లోగాని కనిపించదు. గౌక్ మాటకు తోబుట్టువులు ఉత్తర ఐరోపా అంతటా ఉన్నాయి: ఐస్‌లాండ్‌లో గౌకుర్, నార్వేలో గౌక్, పాత జర్మన్‌లో గౌఖ్. అంటే లండన్ దొరలు పలికేదే కొత్త మాట, స్కాట్లాండ్ రైతు పలికేది పాతది.

అలాగని, ఇంగ్లీషువాళ్లు పారేసుకున్న తాతలనాటి మాటను స్కాట్లాండ్ భద్రంగా దాచిందని పొంగిపోవడానికీ లేదు. స్కాట్స్ అభిమానులు తరచు ఈ మాటే అంటారు గానీ, ధ్వని ఒప్పుకోదు. పాత ఇంగ్లీషులో యేఆక్‌లోని అచ్చు ముందు ‘గ’కారం ‘య’గా మెత్తబడింది. ఏడాదిని చెప్పే ‘యియర్’ అనే మాట మొదట్లో ఉన్నదీ ఆ యకారమే. ఆ లెక్కన యేఆక్ నేటిదాకా బతికితే ‘యీక్’ లాంటిది కావాలి, గౌక్ కాదు. ఇంకో ఆనవాలు అచ్చులో ఉంది. దూకడాన్ని ఇంగ్లీషులో ‘లీప్’ అంటే స్కాట్స్‌లో ‘లౌప్’. పశువులకు ఒకప్పటి ఇంగ్లీషు మాట ‘నీట్’ అయితే స్కాట్స్‌లో ‘నౌట్’. అక్కడ ఈకారం, ఇక్కడ ఔకారం. ఈ ఔకారం ఓడలెక్కి వచ్చిన వైకింగుల నార్స్ భాషది. తొమ్మిది, పది శతాబ్దాల్లో వాళ్లు ఉత్తర ఇంగ్లండ్‌లో దిగి సేద్యానికి స్థిరపడ్డారు. పన్నెండో శతాబ్దంలో స్కాట్లాండ్ రాజు మొదటి డేవిడ్ అక్కడ వ్యాపార పట్టణాలు కట్టించినప్పుడు, ఉత్తర ఇంగ్లండ్ నుంచి వచ్చిన వర్తకులు, చేతిపనివాళ్లు ఆ కలగలుపు భాషను వెంట తెచ్చారు. కాబట్టి అసలు పేరును రెండు చోట్లా వదులుకున్నారు. దక్షిణాన ఫ్రెంచివాడి మాట నిలిచింది, ఉత్తరాన వైకింగుది.

కుకూ అన్నది పిట్ట కూతే కదా, దానికి ఫ్రెంచివాడు దేనికని ఎవరైనా అడగొచ్చు. నిజమే, లాటిన్ కుకులుస్, సంస్కృతం కోకిల కూడా కూతను అనుకరించినవే. గౌక్ కూడా మొదట్లో అలా పుట్టిందే కావచ్చు. కానీ ఆ పిట్ట నార్మన్లు రాకముందూ ప్రతి వసంతంలో అదే కూత కూసింది. అయినా అన్ని శతాబ్దాలూ జనం యేఆక్ అనే అన్నారు. పేరు మారింది నార్మన్లు వచ్చాకనే. కూత ఆ మాట నాటుకోవడానికి సాయం చేసి ఉంటుందంతే.

ఇక వెర్రితనం సంగతి. గౌక్‌కు ఆ అర్థం ఏప్రిల్ ఫూల్ వేడుక నుంచి వచ్చిందని తేలిగ్గా చెప్పేస్తుంటారు. దీనికి అడ్డు నిలిచేది 1448 ప్రాంతంలో రిచర్డ్ హాలండ్ రాసిన ‘బుక్ ఆఫ్ ది హౌలట్’ అనే కావ్యం. అందులో గుడ్లగూబ తన రూపం బాగాలేదని పక్షుల పోప్ అయిన నెమలికి మొరపెట్టుకుంటుంది. పక్షులన్నీ కొలువుదీరిన విందులో ఇద్దరు విదూషకులు గంతులేస్తూ వస్తారు. ఒకరు తీతువు, ఇంకొకరు గౌక్. విందుకొచ్చిన భట్రాజు మీదపడి నానా రభస చేస్తారు. బ్రిటన్‌లో ఏప్రిల్ ఫూల్ ఆచారాన్ని జాన్ ఆబ్రీ నమోదు చేసింది 1686లో, అంటే ఈ కావ్యం తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా గడిచాక. పైగా జర్మన్ గౌఖ్‌కూ పిట్ట, మూర్ఖుడు అనే రెండర్థాలూ ఉన్నాయి. కాబట్టి వేడుకే మాటను అరువు తెచ్చుకుంది. ఆ రోజు వేటాడేది పిట్టనే అనుకోవడమూ కుదరదు. ఆఫ్రికాలో చలికాలం గడిపే ఆ పిట్ట స్కాట్లాండ్ చేరేది ఏప్రిల్ రెండో సగంలో. 1752లో క్యాలెండర్ పదకొండు రోజులు జరిగిందన్న సంగతి కలుపుకున్నా తేదీలు సరిగా అతకవు. అది వచ్చే రోజుల్లో విరుచుకుపడే చలిగాలివానకు మాత్రం ‘గౌక్ తుఫాను’ అనే పేరుంది.

మళ్లీ స్కాట్స్ మీది చిన్నచూపు సంగతికి వస్తే, 1808లో జాన్ జేమిసన్ స్కాట్స్ నిఘంటువు వేసి, ఇది ఇంగ్లీషు యాస కాదు, వేరే భాష అని వాదించాడు. స్కాట్లాండ్ ప్రాచీన జాతి అయిన పిక్టులే ఈ భాషకు మూలపురుషులన్న ఆయన సిద్ధాంతం తర్వాత నిలబడలేదు గానీ, ఆయన పోగేసిన మాటలు నిలిచాయి. ఇరవయ్యో శతాబ్దంలో మొదలైన రెండు పెద్ద స్కాట్స్ నిఘంటువులను కలిపి 2004లో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఆసక్తి ఉన్నవారు అందులో గౌక్ వెతికి చూడండి. పిట్టతోపాటు దాని పేరు పెట్టుకున్న మొక్కలు, వానలు, వెర్రివాళ్లు వరసగా కనిపిస్తారు.