పెద్దల విద్యాగృహము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పెద్దలారా! “ఈ వయసున చదువేల?” యను మాటను బడిపంతులనై పలుమారు వింటిని. దానికి చరిత్ర యిచ్చు నుత్తర మిది.

1920లో జర్మనీదేశమందలి ఫ్రాంక్‌ఫర్టు నగరమున రోజెన్‌త్స్వైగ్ అను యూదు పండితుడు వయోజనులకై విద్యాగృహమును నెలకొల్పెను. తమ హీబ్రూభాషను, ధర్మగ్రంథములను మరచిన పెద్దలు అందు విద్యార్థులైరి. రసాయనశాస్త్రజ్ఞుడొకడు బైబిలు బోధించెను. అచట గురువులును నేర్చువారే. 1933లో హిట్లరు ప్రభుత్వము యూదులను కొలువులనుండి తొలగింపగా, మూతవడిన యా గృహమును బూబర్ అను తత్త్వవేత్త మరల తెరచెను. 1938లో అదియు ముగిసెను.

అంత దూరమేల? గుంటూరు సీమలో, చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున, బెనె ఎఫ్రాయీములను తెలుగు యూదులును పెద్దవయసున హీబ్రూ నేర్చిరి.

కొలువును ప్రభుత్వము హరింపగలదు. నేర్చిన యక్షరమును హరింపజాలదు. కావున చదువురాని పొరుగువానికి అక్షరములు చెప్పుడు. చెప్పుచు మీరును నేర్తురు.