కొండ భాషలు తెలుగుకు ఏమవుతాయి? వర్గీకరణ చరిత్రపై ఒక పరిశీలన

నర్సీపట్నం మైదానానికీ మన్యానికీ మధ్యనున్న పట్టణం. ఇక్కడి నుండి చింతపల్లి మీదుగా పాడేరు, అరకు వైపు వెళ్లేకొద్దీ తెలుగుతోపాటు కువి, కొండ (కూబి), గదబ భాషలు వినిపిస్తాయి. వీటిని చెడిపోయిన తెలుగుగా భావించేవారు మైదానంలో నేటికీ ఉన్నారు. ఈ అభిప్రాయం ఎందుకు నిలువదో వర్గీకరణ చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం.

తొలి వర్గీకరణలు

1816లో క్యాంప్‌బెల్ ప్రచురించిన తెలుగు వ్యాకరణానికి మద్రాసు కలెక్టరు ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ ఒక పరిశోధన వ్యాసాన్ని జతపరచాడు. తెలుగు సంస్కృత జన్యం కాదని, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబానికి చెందినదని అందులో చూపాడు. 1856లో తిరునల్వేలి మిషనరీ రాబర్ట్ కాల్డ్‌వెల్ ఆ కుటుంబానికి 'ద్రావిడ' అనే పేరును స్థిరపరచాడు. అయితే 1875 నాటి రెండవ కూర్పులో ఆయన 12 భాషలను 'సంస్కారం పొందినవి' 6, 'పొందనివి' 6 అని విడదీశాడు. తెలుగు మొదటి వరుసలోను, గోండు, ఖోండు భాషలు రెండవ వరుసలోను చేరాయి. సాహిత్యం ఉన్నదా లేదా అనేది బంధుత్వానికి కొలత కాదు. 1911లో షుల్జె ప్రకటించిన కువి వ్యాకరణం వంటి రచనల ద్వారానే కొండ భాషల సామగ్రి పండితులకు అందసాగింది.

బంధుత్వానికి సాక్ష్యం

సంతలో సరుకులతోపాటు మాటలూ చేతులు మారుతాయి. కనుక పదాల పోలిక మాత్రమే చాలదు. రెండు భాషలు కలిసి పొందిన మార్పు కావాలి. తమిళ 'ఇరండు'లో మొదటి అచ్చు నిలిచింది. తెలుగు 'రెండు', కొండ 'రుండి', కువి 'రిండి' మాటలలో అది మొదటి స్థానం వదిలి హల్లు తరువాతికి జరిగింది. తమిళ 'అవన్'కు ఎదురుగా తెలుగులో 'వాడు', కొండలో 'వాన్ఱు' ఉన్నాయి. ఇటువంటి ఆధారాలతో భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషలతో కలిపి దక్షిణ-మధ్య శాఖగా నిర్ణయించారు. కొండ భాషపై ఆయన గ్రంథం 1969లో వెలువడింది.

సర్వనామాలు సులభంగా అరువు పోవు. పాపువా భాషలను గుంపులుగా చేర్చడానికి 2005లో మాల్కం రాస్ వాటినే ఆధారం చేసుకున్నాడు. కాని దానిని తొలి మెట్టుగానే పేర్కొన్నాడు. ఆ జాగ్రత్త మనకూ అవసరం.

ఒక పేరు, రెండు కుటుంబాలు

తెగ పేరును బట్టి భాషను నిర్ణయించరాదనడానికి గదబయే నిదర్శనం. గుతోబ్ గదబ ముండా భాష, సవరకు బంధువు. ఒల్లారి గదబ ద్రావిడ భాష. దానిపై భట్టాచార్య గ్రంథం 1957లో వచ్చింది.

ముగింపు

కావున మన్యంలో బోధించేవారు, అనువదించేవారు "అందరికీ తెలుగు వచ్చు కదా" అని సరిపెట్టుకోరాదు. కొండ, కువి తెలుగుకు మాండలికాలు కావు, తోబుట్టువులు. మన ప్రాచీన శాసనాలలో పుంలింగ పదాల చివర కనిపించే 'న్ఱు' మన నోట 'డు'గా మారింది. కొండవారి నోట అది ఇంకా పలుకుతున్నది. వారి పిల్లలు ఆ భాష మానివేసిన నాడు తెలుగు తన చరిత్రకు జీవించియున్న సాక్షిని కోల్పోతుంది.