భారత-బర్మా సంబంధాలు (1948-1967): సమతుల్య విదేశాంగ విధానం - ప్రవాసాంధ్రులు

ఉపోద్ఘాతం:
1948 జనవరి 4న బర్మా స్వతంత్ర దేశమైంది. ఒకవైపు చైనా, మరొకవైపు భారతదేశం పొరుగున ఉండగా, ఏ కూటమిలోనూ చేరక ఉభయులతోనూ మైత్రిని నిలుపుకొనే విధానాన్ని ఆ దేశం అనుసరించింది. ఈ విధానం భారత-బర్మా సంబంధాలను తీర్చిదిద్దిన తీరును, ఆ చరిత్రలో తెలుగువారి స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

సమతుల్య విధానం:
1949 డిసెంబరులో కమ్యూనిస్టు చైనాను గుర్తించిన బర్మా, 1951 జూలై 7న భారతదేశంతో మైత్రీ ఒప్పందం చేసుకొంది. 1954లో నెహ్రూ, ఊ నూ ఇరువురూ వేర్వేరుగా చైనాతో కలిసి పంచశీల సూత్రాలను ప్రకటించారు. 1960లో చైనాతో సరిహద్దు ఒప్పందం కుదుర్చుకొన్న బర్మా, 1962 భారత-చైనా యుద్ధంలో తటస్థంగా నిలిచి, సయోధ్య కోసం జరిగిన కొలంబో సమావేశంలో పాల్గొన్నది.

తెలుగువారు:
ఆంగ్లేయుల పాలనాకాలంలో తీరాంధ్ర ప్రాంతం నుండి వేలాదిమంది రంగూన్ రేవుకు, బియ్యపు మిల్లులకు కూలీలుగా వెళ్లారు. కోరంగి రేవు పేరుమీద వారిని అక్కడ 'కోరంగీలు' అని పిలిచేవారు. 1930 మే నెలలో రంగూన్‌లో చెలరేగిన అల్లర్లలో ప్రధానంగా నష్టపోయినది ఈ రేవు కూలీలే. 1962 మార్చి 2న నే విన్ అధికారం చేపట్టిన తరువాత వ్యాపారసంస్థలు జాతీయమయ్యాయి. 1964లో 50, 100 చాట్ల నోట్లు రద్దయ్యాయి. లక్షకు పైగా భారతీయులు తిరిగివచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ వలసకు నేటికీ సాక్ష్యం.

జాతీయం చేయడం బర్మా సార్వభౌమాధికారమని భారత ప్రభుత్వం అంగీకరించి, పరిహారం, సురక్షిత ప్రయాణం విషయాలలో సంప్రదింపులకే పరిమితమైంది. ఈ సంయమనం వల్ల దౌత్యమైత్రి చెడలేదు. 1967 మార్చి 10న సరిహద్దు ఒప్పందం కుదిరింది. చైనాతో కలిసే ఉత్తరపు కొనను మాత్రం తాత్కాలికంగా విడిచిపెట్టడంలో బర్మా సమతుల్య దృష్టి స్పష్టమవుతుంది.

ముగింపు:
రెండు ప్రభుత్వాల దృష్టిలో ఈ విధానం సఫలమైంది. అయితే తరతరాల కష్టార్జితాన్ని విడిచివచ్చిన కుటుంబాల దృష్టిలో ఆ సాఫల్యం అసంపూర్ణం. ఒప్పందాలతో పాటు వారి అనుభవాలను కూడా ఆధారాలుగా స్వీకరించినప్పుడే ద్వైపాక్షిక సంబంధాల చరిత్ర సమగ్రమవుతుంది.