ప్రెయిరీ వోల్ జంటబంధం: మెదడు పరిశోధనల చరిత్ర

ప్రెయిరీ వోల్ ఉత్తర అమెరికా మధ్యభాగంలోని గడ్డిమైదానాల్లో బతికే చిన్న మూషికం. జతకట్టిన ఆడామగా ఒకే గూట్లో కాపురముంటాయి, పిల్లల్ని కలిసి సాకుతాయి, కొత్తగా వచ్చిన వోల్‌ను తరిమికొడతాయి. క్షీరదాల్లో ఇలా జంటగా బతికే జాతులు నూటికి పది కూడా లేవు. ఒక జంతువు తన జాతిలో ఫలానాదాన్నే ఎందుకు కోరుకుంటుందన్న ప్రశ్నకు మెదడులో జవాబు వెతకడం ఈ జీవి వల్లే సాధ్యమైంది.

దీనికి పునాది పడింది పొలాల్లో. 1970లలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ జీవావరణ శాస్త్రవేత్త లోవెల్ గెట్జ్, వోల్‌ల సంఖ్య కొన్నేళ్లు పెరిగి మళ్లీ ఎందుకు పడిపోతుందో తెలుసుకోవడానికి బోనులు పెట్టి వాటిని పట్టి వదిలేవారు. అదే ఆడ, అదే మగ ఒకే బోనులో మళ్లీ మళ్లీ పడుతుండటం ఆయన గమనించారు. జనాభా లెక్కలకని వెళ్లిన మనిషి ఈ విషయాన్ని పక్కన పెట్టకపోవడం శాస్త్రానికి దక్కిన అదృష్టం. హార్మోన్లపై పనిచేస్తున్న స్యూ కార్టర్ ఆయనతో చేయి కలిపారు. పొలంలోనూ ప్రయోగశాలలోనూ దొరికిన ఆధారాలతో 1981లో వారి వ్యాసం వెలువడింది.

ఇష్టాన్ని కొలవడానికి కార్టర్ బృందం వాడిన పద్ధతి ఇప్పటికీ చెలామణిలో ఉంది. మూడు అరల పెట్టెలో ఒక చివర తోడును, మరో చివర కొత్త వోల్‌ను కట్టి ఉంచుతారు. మూడో వోల్ స్వేచ్ఛగా తిరుగుతుంది. మూడు గంటల్లో అది ఎవరిని ఒరుసుకుని ఎంతసేపు గడిపిందో లెక్కిస్తారు.

1992లో థామస్ ఇన్సెల్, లారెన్స్ షాపిరో ప్రెయిరీ వోల్ మెదడును దాని దగ్గరి బంధువు, ఒంటరిగా బతికే మాంటేన్ వోల్ మెదడుతో పోల్చారు. ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు రెండింటిలోనూ ఉన్నాయి, కానీ వేర్వేరు చోట్ల ఉన్నాయి. సుఖానుభూతితో ముడిపడిన న్యూక్లియస్ అక్యుంబెన్స్‌లో ప్రెయిరీ వోల్‌కు అవి దట్టంగా కనిపించాయి. మాంటేన్ వోల్ తల్లి అయినప్పుడు, అంటే కొన్నాళ్లపాటు పిల్లల్ని అంటిపెట్టుకుని ఉండాల్సి వచ్చినప్పుడు, ఈ గ్రాహకాల అమరిక కూడా మారింది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే పరిశీలన ఇదే. మరుసటి ఏడాది మగవోల్‌లలో వాసోప్రెసిన్ అనే మరో హార్మోన్ పాత్ర తేలింది. మెదడులోకి ఆక్సిటోసిన్ ఎక్కిస్తే ఆడవోల్‌కు కలయిక లేకుండానే తోడుపై మక్కువ కలుగుతుందని 1994లో తెలిసింది.

2004లో ఎమరీ విశ్వవిద్యాలయంలో లారీ యంగ్ బృందం, జంట కట్టని మెడో వోల్ మగవాటి మెదడులోని వెంట్రల్ పాలిడమ్ అనే భాగంలోకి వైరస్ సాయంతో వాసోప్రెసిన్ గ్రాహకపు జన్యువును చేర్చింది. అవి కూడా తోడు పక్కనే ఎక్కువసేపు గడపసాగాయి. ఒక్క జన్యువుతో దాంపత్యమంతా తేలిపోయినట్టు ప్రచారం జరిగింది. అది తొందరపాటు. ఆ జన్యువు పక్కనుండే డీఎన్ఏ పునరావృతాల పొడవే జంటగా బతకడానికి కారణమన్న వాదనను 2006లో సబీన్ ఫింక్ బృందం అనేక వోల్ జాతుల్లో పరీక్షించి, అది నిలవదని చూపింది. ఒకే గూట్లో ఉన్న జంటల పిల్లల్లో వేరే మగవాటికి పుట్టినవీ ఉంటాయని డీఎన్ఏ పరీక్షలు తేల్చాయి కనుక, కలిసి కాపురముండటమూ ఇతరులతో కలవకపోవడమూ ఒకటి కాదు.

బంధం ఏర్పడటం, నిలవడం వేర్వేరు పనులని జూవోషిన్ వాంగ్, బ్రాండన్ అరగోనా డోపమైన్ అనే మెదడు రసాయనంపై చేసిన ప్రయోగాలు చెప్పాయి. అక్యుంబెన్స్‌లో డి2 రకం గ్రాహకాలు తోడును ఎంచుకోవడానికి తోడ్పడతాయి. జతకట్టాక మగవాటిలో డి1 రకం గ్రాహకాలు పెరుగుతాయి, కొత్తవాటిని దూరంగా ఉంచేది ఇవే.

ప్రయోగశాలల్లోని మామూలు చిట్టెలుకల తీరు ఇందుకు ఎదురు. వాటికి తెలిసిన ఎలుక కన్నా కొత్త ఎలుక మీదే ఆసక్తి. కొత్తదాన్ని కొత్తదిగా గుర్తించాలంటే పాతది జ్ఞాపకం ఉండాలి. ఆ జ్ఞాపకానికి హిప్పోక్యాంపస్‌లోని సీఏ2 ప్రాంతం అవసరమని 2014లో ఫ్రెడెరిక్ హిట్టి, స్టీవెన్ సీగెల్‌బామ్ చూపారు.

2017లో ఎమరీ పరిశోధకులు మెదడులోని ప్రీఫ్రంటల్ కార్టెక్స్ నుంచి అక్యుంబెన్స్‌కు వెళ్లే దారిని ఆడవోల్‌లలో కాంతితో లయబద్ధంగా ప్రేరేపించారు. ఎదుట మగవోల్ ఉంది, కలయిక జరగలేదు. అయినా మర్నాడు అవి ఆ మగవోల్‌నే కోరుకున్నాయి. రసాయనాల గురించి సాగిన చర్చ నాడీకణాల మధ్య సంకేతాల వైపు గట్టిగా మళ్లింది.

తర్వాతి ఫలితం అందరినీ ఆశ్చర్యపరిచింది. 2023లో దేవానంద్ మనోలి, నిరావ్ షా బృందాలు ఆక్సిటోసిన్ గ్రాహకం అసలే లేని ప్రెయిరీ వోల్‌లను జన్యుసవరణతో పుట్టించాయి. అవీ జంటలు కట్టాయి. తల్లులు పాలిచ్చాయి, కాకపోతే బతికి ఎదిగిన పిల్లలు తక్కువ. పుట్టుకనుంచే గ్రాహకం లేకపోతే ఎదిగే మెదడు మరో దారి వెతుక్కుంటుందన్నది ఒక వివరణ. పాత ప్రయోగాల్లో పెద్ద జంతువులకు మందులిచ్చి గ్రాహకాన్ని అప్పటికప్పుడు అడ్డుకునేవారు కనుక ఈ తేడా చిన్నది కాదు. అదే రకం వోల్‌లతో బర్క్‌లీలో అనలీస్ బీరీ బృందం ఇటీవల చేసిన పరిశోధన దాంపత్యాన్ని కాక స్నేహాన్ని చూసింది. గ్రాహకం లేనివాటికి స్నేహం కుదరడానికి ఎక్కువ కాలం పట్టింది, కుదిరాక కూడా స్నేహితుణ్ని కొత్తవాటి నుంచి వేరుచేసి కోరుకోవడం తగ్గింది.